జాజ్ గిటార్: స్కేల్స్ అన్నీ వచ్చినా జాజ్‌లా ఎందుకు వినపడట్లేదు?

మీ ప్రశ్నను తర్వాత చదివేవాళ్ళ కోసం క్లుప్తంగా మళ్ళీ రాస్తున్నాను. వయసు 33, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చిన్నప్పుడు ఆరేళ్ళు కర్ణాటక గాత్రం, వర్ణాల దాకా. ఏడేళ్ళుగా గిటార్, సినిమా పాటలకు కార్డ్స్ బాగానే పట్టగలరు. ఏడాదిన్నరగా వీడియోలు చూసి మోడ్‌లన్నీ (స్కేల్‌ను ఒక్కో స్వరం నుంచి మొదలుపెడితే వచ్చే వరసలు) గిటార్ మెడ మీద అన్ని చోట్లా నేర్చుకున్నారు. అయినా వాయిస్తుంటే స్కేల్ అప్పజెబుతున్నట్టు ఉంది తప్ప జాజ్‌లా లేదంటున్నారు. హాలో బాడీ (లోపల బోలుగా ఉండే) గిటార్ కొనాలా, నొటేషన్ రావాలా, రోజుకు నలభై నిమిషాలతో ఎన్నేళ్ళు పడుతుంది అనేవి మిగతా ప్రశ్నలు.

నేను తొంభైల్లో విజయవాడలో ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించేవాణ్ణి. పెళ్ళిళ్ళు, చవితి పందిళ్ళు, కాలేజీ యానివర్సరీలు. ఉద్యోగం మీద ముంబై వెళ్ళాక జాజ్ పిచ్చి పట్టింది, ఇరవై ఏళ్ళు దాటినా వదల్లేదు. మీరు చేస్తున్న తప్పే నేను నాలుగేళ్ళు చేశాను. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముంబైలో నేను మొదటిసారి జామ్‌కి, అంటే నలుగురూ చేరి అప్పటికప్పుడు కలిసి వాయించే చోటికి, వెళ్ళిన రోజు సంగతి చెబుతాను. 'ఆటమ్ లీవ్స్' వాయిద్దాం అన్నారు. జోసెఫ్ కోస్మా 1940ల్లో పారిస్‌లో కట్టిన బాణీ అది, జాజ్ నేర్చుకునే ప్రతివాడూ మొదట పట్టుకునేది. నాకు దాని స్కేల్ తెలుసు. మొత్తం పాటకు జి మేజర్ స్కేల్ ఒక్కటి చాలు, మధ్యలో ఒక్క డి షార్ప్ కలిపితే సరి, అని ఎవరో చెప్పారు. నా సోలో వచ్చింది. కళ్ళు మూసుకుని పైకీ కిందకీ ఒకటే పరుగు. కళ్ళు తెరిచేసరికి డ్రమ్మర్ నన్నే చూస్తున్నాడు. పాట ఒక ఆవర్తం అయిపోయి రెండోది మొదలైంది, నేను మాత్రం ఎక్కడో మధ్యలో ఉన్నాను. బేస్ వాయించిన పెద్దాయన తర్వాత టీ తాగుతూ ఒక్క మాట అడిగాడు. 'బాబూ, ఆ ట్యూన్ ఒకసారి పాడి వినిపించు.' రెండో లైను దాటి పాడలేకపోయాను. నాకు పాట రాదు, దాని స్కేల్ మాత్రమే వచ్చు.

మీ జబ్బూ అదేనని నా అనుమానం. మీకైతే దీనికి తోడు ఇంకో కారణం ఉంది. అది మీ తప్పు కాదు, మీ చదువు నుంచి వచ్చింది.

కర్ణాటక సంగీతంలో తంబురా మొదలైతే కచేరీ అయ్యేదాకా షడ్జం ఒక్కటే. ప్రతి స్వరానికీ అర్థం ఆ షడ్జం నుంచి కొలిచి వస్తుంది. గాంధారం ఎప్పుడూ గాంధారమే. మీ చెవి ఆరేళ్ళు అలా తయారైంది, చాలా గట్టిగా తయారైంది. జాజ్‌లో ఆ కొలత కార్డ్‌తో పాటు మారుతుంది. పాటకు ఒక ఊరు ఉంటుంది, చివరికి అక్కడికే తిరిగి వస్తుంది, నిజమే. కానీ దారిలో ఒక్కో బార్‌లో (నాలుగు దెబ్బల గుంపు) ఒక్కో కార్డ్ కింద నిలబడుతుంది. మీరు పట్టుకున్న స్వరం ఆ క్షణాన ఆ కార్డ్‌కు ఏమవుతుందన్నదే వినేవాడికి తెలిసేది. మోడ్ నేర్చుకుంటే ఏ స్వరాలు వాయించొచ్చో తెలుస్తుంది. ఏ స్వరం ఏ క్షణాన బరువెక్కుతుందో తెలియదు.

మాటల్లో కంటే చేతిలో తేలిగ్గా అర్థమవుతుంది. గిటార్ తీసుకోండి. అదే పాటలో మొదటి ఎనిమిది బార్ల కార్డ్స్, మూడు తీగలతో పట్టుకునే రకం:

ఏ మైనర్ 7: ఆరో తీగ 5వ ఫ్రెట్, నాలుగో తీగ 5, మూడో తీగ 5.
డి 7: అయిదో తీగ 5, నాలుగో తీగ 4, మూడో తీగ 5.
జి మేజర్ 7: ఆరో తీగ 3, నాలుగో తీగ 4, మూడో తీగ 4.
సి మేజర్ 7: అయిదో తీగ 3, నాలుగో తీగ 2, మూడో తీగ 4.
ఎఫ్ షార్ప్ హాఫ్ డిమినిష్డ్: ఆరో తీగ 2, నాలుగో తీగ 2, మూడో తీగ 2.
బి 7: అయిదో తీగ 2, నాలుగో తీగ 1, మూడో తీగ 2.
ఇ మైనర్ 7: ఆరో తీగ, నాలుగో తీగ, మూడో తీగ, అన్నీ ఓపెన్.

ఆరో తీగ అంటే లావుది. ఒక్కో కార్డ్ ఒక్కో బార్, చివరి ఇ మైనర్ రెండు బార్లు. మధ్యలో వాడని తీగ మోగకుండా వేలి చివరతో ఆపండి. హాఫ్ డిమినిష్డ్‌కు ఉండాల్సిన ఫ్లాట్ అయిదో స్వరం ఈ పట్టులో లేదు. ఫర్వాలేదు, బేస్ నడక, ముందూ వెనకా ఉన్న కార్డ్స్ దాన్ని చెవికి అందిస్తాయి.

ఇప్పుడు రెండో తీగను నొక్కకుండా ఓపెన్‌గా మీటండి. అది బి. ఈ ఏడు కార్డ్స్ ఒకదాని తర్వాత ఒకటి మారుస్తూ, ప్రతిసారీ ఆ ఒక్క తీగనే మోగించండి. కార్డ్ పేరును షడ్జం అనుకుని, ఆ బి ఏ స్వరమవుతుందో పాడండి. ఏ మైనర్ మీద అది చతుశ్రుతి రిషభం. డి మీద చతుశ్రుతి ధైవతం. జి మీద అంతర గాంధారం. సి మీద కాకలి నిషాదం. ఎఫ్ షార్ప్ మీద శుద్ధ మధ్యమం. బి మీద షడ్జం. ఇ మీద పంచమం.

చూశారా, మీ వేలు కదలలేదు, తీగ మారలేదు. రి, ద, గ, ని, మ, స, ప. ఏడు స్వరాలూ ఒక్క తీగ మీద వచ్చి వెళ్ళిపోయాయి. నాకు ఇది మొదటిసారి తట్టిన రోజు రాత్రి రెండింటి దాకా ఆ ఒక్క తీగనే మీటుతూ కూర్చున్నాను. పక్క గదిలోంచి మా ఆవిడ 'గిటార్ పాడైందా' అని అడిగింది.

ఒక వారం ఇదే చేయండి, వేరే ఏమీ వద్దు. స్వరం పేరు పెట్టి పాడగలగడం మీకున్న ఆస్తి. కార్డ్ మారగానే 'గ'ను 'ని' అని పిలవగలిగే స్థితికి నోరు రావాలి. గ్రహభేదం గురించి విని ఉంటారు. ఖరహరప్రియ స్వరాలను రిషభం నుంచి మొదలుపెడితే హనుమతోడి, గాంధారం నుంచి కళ్యాణి. అక్కడ అది ఎప్పుడో ఒకసారి చేసే చమత్కారం. ఇక్కడ ప్రతి బార్‌లోనూ అదే పని.

తర్వాత పని. ఆ పట్టుల్లో లావు తీగను వదిలేసి మూడో తీగ, నాలుగో తీగ మాత్రమే వినండి. మూడో తీగ మీద ఫ్రెట్లు వరసగా 5, 5, 4, 4, 2, 2, 0. అంటే సి, సి, బి, బి, ఏ, ఏ, జి. జిని షడ్జం చేసుకుంటే మ మ గ గ రి రి స. మెట్లు దిగుతున్నట్టు లేదూ? నాలుగో తీగ మీద 5, 4, 4, 2, 2, 1, 0. అంటే స ని ని ద ద, తర్వాత శుద్ధ ధైవతం, ఆపైన ప. ఈ రెండు తీగల మీద ఉన్నవి ప్రతి కార్డ్‌కూ మూడో స్వరం, ఏడో స్వరం. కార్డ్ మేజరా మైనరా, నిలబడిందా పక్కకు లాగుతోందా అనేది చెప్పేవి ఈ రెండే. వీటి నడకను గైడ్ టోన్స్ అంటారు. పాట లోపల ఇంకో చిన్న పాట ఇది.

ఇప్పుడు అసలు బాణీని వినండి. నాలుగేసి స్వరాల ముక్కలు, ఒక్కో ముక్కా పైకెక్కి ఒక స్వరం మీద నిలుస్తుంది. మొదటి ముక్క సి మీద, రెండోది బి మీద, మూడోది ఏ మీద, నాలుగోది జి మీద. మీరు ఇప్పుడే మూడో తీగ మీద దిగిన మెట్లే అవి. కోస్మా ఆ మెట్ల మీద తివాచీ పరిచాడంతే. ఈ సంగతి తెలిశాక 'సోలోలో ఏం వాయించాలి' అనే టెన్షన్ సగం తగ్గుతుంది. బార్ మొదట్లో ఆ మెట్టు మీద అడుగు పడితే చాలు, మధ్యలో ఎలా తిరిగినా పాట మాట్లాడుతున్నట్టే ఉంటుంది. అడుగు పడకపోతే సరైన స్కేల్‌లోనే ఉన్నా ఎవరికీ ఏమీ అర్థం కాదు.

కాబట్టి సోలో మొదటి మెట్టు: ప్రతి బార్‌కు ఒకే ఒక స్వరం, ఆ కార్డ్ మూడో స్వరం, అదీ బార్ మొదటి దెబ్బ మీద. బోరు కొడుతుంది, కొట్టనివ్వండి. నాలుగు రోజులయ్యాక దానికి ఒక ఫ్రెట్ కింద నుంచి ఎక్కి రండి. తర్వాత పై స్వరం, కింది స్వరం ముట్టుకుని మధ్యలో దిగండి, చుట్టి వచ్చినట్టు. బీబాప్ అనే వేగమైన జాజ్ పద్ధతి వాళ్ళ పరుగు చూసి మనం భయపడతాం గానీ, వాళ్ళ వాక్యాల్లో చాలా భాగం ఇలా ఒక గమ్యాన్ని చుట్టి రావడమే. స్కేల్‌లో లేని స్వరాలు వాళ్ళ దగ్గర తప్పుగా వినపడకపోవడానికి కారణం, అవి ఎక్కడికి పోతున్నాయో అవి తెలుసుకుని పోతుంటాయి.

ఇక కుడి చేయి. మీరు దీని గురించి అసలు అడగలేదు. అసలు గొడవ సగం ఇక్కడే ఉంది.

ఫ్రెడ్డీ గ్రీన్ అని ఒకాయన ఉండేవాడు. 1937లో కౌంట్ బేసీ బ్యాండ్‌లో చేరి 1987లో చనిపోయేదాకా అక్కడే గిటార్ వాయించాడు. యాభై ఏళ్ళు. సోలోలు దాదాపు లేవు. యాంప్ లేని గిటార్ మీద బార్‌కు నాలుగు దెబ్బలు, అంతే. అదీ నిండు కార్డ్స్ కాదు, చాలాసార్లు రెండు తీగలు, ఒక్కోసారి ఒకటే. పదిమందికి పైగా బాకాలు, శాక్సఫోన్లు ఊదుతుంటే ఆ గిటార్ విడిగా వినపడదు. అది ఆగితే మాత్రం బ్యాండంతా బరువెక్కినట్టు ఉంటుందని వాయించినవాళ్ళు చెప్పేవారు. నేను పైన ఇచ్చిన మూడు తీగల పట్టులు ఆ సంప్రదాయం నుంచి వచ్చినవే. వాటితో బార్‌కు నాలుగు చిన్న దెబ్బలు కొడుతూ, ప్రతి దెబ్బ తర్వాత ఎడమ చేతి పట్టు కొంచెం వదిలి మోతను కోసేయండి. రెండో దెబ్బ, నాలుగో దెబ్బ కాస్త పొట్టిగా, కాస్త గట్టిగా. సినిమా పాటల స్ట్రమ్మింగ్ అలవాటైన చేతికి ఇది మొదట్లో చాలా కష్టం. మన చేయి నిండుగా మోగించడానికి అలవాటు పడింది, ఇక్కడ కోయడమే పని.

మెట్రోనోమ్ వాడే పద్ధతి కూడా మార్చండి. నిమిషానికి 120 వేగంలో వాయించాలంటే దాన్ని 60లో పెట్టి, ఆ టిక్కు మీకు రెండో దెబ్బ, నాలుగో దెబ్బ అనుకోండి. మొదటి పది నిమిషాలు మీకు తెలియకుండానే అది ఒకటి, మూడులోకి జారిపోతుంది. మనకు చప్పట్లు ఒకటి మీద కొట్టడం పుట్టుకతో వచ్చిన అలవాటు. భజనలో సమం మీద కొట్టకపోతే పక్కవాడు చూస్తాడు, జాజ్‌లో కొడితే చూస్తాడు.

స్వింగ్ సంగతి. మధ్యస్థ వేగంలో దాన్ని అర్థం చేసుకోవడానికి మీకు తిశ్రం ఉంది. ఒక దెబ్బను తకిట అనుకుని, మొదటి రెండూ కలిపి పొడుగు చేస్తే 'తా...ట, తా...ట' వస్తుంది. పొడుగు, పొట్టి. ఇది మొదటి రోజుకు మాత్రమే పనికొచ్చే లెక్క. వేగం పెరిగేకొద్దీ రెండూ దాదాపు సమానమవుతాయి, ఒక్కో వాయిద్యకారుడి దగ్గర ఒక్కోలా వాలుతుంది. ఎప్పుడూ తకిట లెక్కే వాయిస్తే గుర్రబ్బండి పోతున్నట్టు ఉంటుంది. విని పట్టుకోవాల్సిందే, మృదంగం నడక పుస్తకంలో నేర్చుకోలేనట్టు.

ఇప్పుడు వినడం. నలభై నిమిషాల్లో కనీసం పదిహేను దీనికే ఇవ్వండి. వినడమంటే బ్యాక్‌గ్రౌండ్‌లో పెట్టుకుని కోడ్ రాయడం కాదు. ఒక సోలోలో ఎనిమిది బార్లు తీసుకుని, ముందు నోటితో పాడటం వచ్చేదాకా గిటార్ ముట్టుకోవద్దు. రికార్డింగ్‌తో కలిసి పాడాలి, ఊపిరి తీసుకునే చోటుతో సహా. తర్వాత గిటార్ మీద వెతకండి. మా రోజుల్లో క్యాసెట్‌ను వెనక్కి తిప్పి తిప్పి టేపు సాగిపోయేది, అసలు శ్రుతి ఏదో కూడా తెలిసేది కాదు. మీకు శ్రుతి మారకుండా సగం వేగంలో వినిపించే యాప్‌లు ఫోన్‌లోనే ఉన్నాయి.

ఎవరిని వినాలి? మొదట చార్లీ క్రిస్టియన్. ఓక్లహోమాలో పెరిగిన కుర్రాడు. 1939లో బెన్నీ గుడ్‌మన్ బ్యాండ్‌లో చేరి, యాంప్‌కు తగిలించిన గిబ్సన్ ఇఎస్-150తో గిటార్‌ను ఊదే వాయిద్యాల పక్కన సమానంగా నిలబెట్టాడు. 1942లో క్షయతో పోయాడు, పాతికేళ్ళకే. మిగిలినవి రెండేళ్ళ చిల్లర రికార్డింగులు. ఆయన వాక్యాలు స్పష్టంగా, మాట్లాడినట్టు ఉంటాయి. మొదటిసారి చెవితో పట్టేవాడికి అందుతాయి. ఆయన విన్నది ఎక్కువగా లెస్టర్ యంగ్ శాక్సఫోన్. ఇందులో మీకో కిటుకు ఉంది. ఊదేవాడికి ఊపిరి అయిపోతుంది, కాబట్టి వాక్యం ఆపక తప్పదు. గిటారిస్టుకు ఆ అవసరం లేదు, అందుకే ఆపడు. మీ సోలో స్కేల్ అప్పజెప్పినట్టు ఉండటానికి ఇదీ ఒక కారణం. వాయిస్తూ అదే పాడండి, ఊపిరి అయిపోయిన చోట చేయి ఆపండి. ఆ ఒక్క రోజులోనే తేడా మీకే తెలుస్తుంది.

తర్వాత వెస్ మాంట్‌గోమరీ. ఇండియానాపోలిస్ మనిషి, 1923లో పుట్టాడు, 1968లో పోయాడు. ఇరవై ఏళ్ళు వచ్చే వేళకు క్రిస్టియన్ రికార్డులు విని గిటార్ పట్టుకున్నాడు. క్రిస్టియన్ సోలోలను ఉన్నదున్నట్టు చెవితో నేర్చుకుని, వాటిని వాయించడానికే ఒక క్లబ్‌లో ఉద్యోగం సంపాదించాడు. పిక్ లేకుండా బొటనవేలితో వాయించేవాడు. ఇంట్లో, ఇరుగుపొరుగులో నిద్ర చెడకూడదని అలా మొదలైందంటారు. అపార్ట్‌మెంట్‌లో ఉండే మీకు పనికొచ్చే కబురే. నొటేషన్ చదవడం ఆయనకు రాదు. అలాగే జాంగో రైన్‌హార్ట్. 1928లో ఆయన ఉండే కారవాన్‌కు నిప్పంటుకుని ఎడమ చేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు దెబ్బతిన్నాయి. సోలోల్లో పరుగంతా మిగిలిన రెండు వేళ్ళదే. 'నా వేళ్ళు పొట్టి, జాజ్ కార్డ్స్ అందవు' అని మీరు చివర్లో రాసిన మాటకు ఇంతకు మించి జవాబు అక్కర్లేదనుకుంటా.

గిటార్ కాని వాళ్ళనూ వినండి. ముఖ్యంగా నిదానంగా, పాటలా వాయించే ట్రంపెట్ వాళ్ళను. చెట్ బేకర్ మంచి మొదలు, ఆయన పాడినట్టే వాయించేవాడు.

మీరు 'సో వాట్'తో మొదలుపెడదామనుకుంటున్నానని రాశారు. ఒకే మోడ్, మనకు తెలిసిన ఖరహరప్రియే కదా అని. వద్దు. ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ 1959లో చేసిన ఆ పాటలో 16 బార్లు డి డోరియన్, 8 బార్లు ఇ ఫ్లాట్ డోరియన్, మళ్ళీ 8 బార్లు డి. నిజమే, ఖరహరప్రియను ఒక స్వరస్థానం పైకి జరిపి మళ్ళీ దించడమే. కాగితం మీద ఇంతకంటే తేలికైన పాట లేదు. కానీ అక్కడ మిమ్మల్ని నడిపించే కార్డ్ మార్పులు లేవు. మెట్లు లేని మైదానం. ఏం చెప్పాలో తెలిసినవాడికి అది స్వేచ్ఛ, మనబోటివాళ్ళు పదహారు బార్లూ స్కేల్ పరుగు తీస్తారు. మీరు పారిపోవాలనుకుంటున్నది దాన్నుంచే కదా. అదీగాక మీ గాత్రం అక్కడ అడ్డు తగులుతుంది. చెవికి ఖరహరప్రియ తగలగానే చేయి గమకం వేయబోతుంది. గమకం తప్పని కాదు, గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ శక్తి బృందంలో మనవాళ్ళతో కూర్చుని చేసింది చాలా గొప్ప పని. కానీ ఆయన మొదట ఈ భాష పూర్తిగా నేర్చుకుని అటు వెళ్ళాడు. ప్రస్తుతానికి స్వరాన్ని నిటారుగా నిలబెట్టండి. ఒక్క బ్లూస్‌లో మాత్రం సాధారణ గాంధారం నుంచి అంతర గాంధారం వైపు వేలు జార్చండి. అక్కడ మీ గొంతు సంస్కారం మీకు మేలే చేస్తుంది.

బ్లూస్ అన్నాను కాబట్టి, రెండో పాట ఎలింగ్టన్ 'సి జామ్ బ్లూస్' చేయండి. బాణీ మొత్తం రెండే స్వరాలు, జి, సి. మన లెక్కలో ప, స. పన్నెండు బార్లు ఆ రెండింటితోనే గడిచిపోతాయి. మిగతాదంతా లయ. రెండు స్వరాలతో కాళ్ళు ఆడించగలిగితే ఏడు స్వరాల గురించి తర్వాత మాట్లాడుకుందాం. మొదటి ఏడాదికి ఇలాంటి పాటలు నాలుగు చాలు. బాణీ పాడగలగాలి, బేస్ స్వరాలు పాడగలగాలి, కార్డ్స్ రెండు చోట్ల పట్టగలగాలి, చూడకుండా. నలభై పాటలు పుస్తకం చూసి వాయించేవాడి కంటే ఈ నాలుగు వచ్చినవాణ్ణి జామ్‌లో మళ్ళీ పిలుస్తారు.

గిటార్ విషయం. లక్షన్నర పెట్టి హాలో బాడీ కొనకండి. గిబ్సన్ ఇఎస్-175 లాంటివి 1949 నుంచి ఈ సంగీతానికి గుర్తుగా మారాయి, నిజమే. కానీ ఎడ్ బికర్ట్ అనే కెనడా ఆయన దశాబ్దాలపాటు ఫెండర్ టెలికాస్టర్ అనే బోలు లేని గిటార్ మీద వాయించాడు. కళ్ళు మూసుకుని వింటే పెద్ద హాలో బాడీ అనుకుంటారు. మీ దగ్గరున్న ఎలక్ట్రిక్‌కే మెడ వైపు పికప్ పెట్టి, టోన్ నాబ్ సగానికి దించి, యాంప్‌లో డిస్టార్షన్ తీసేయండి. తీగలు 11 నంబరు ఫ్లాట్‌వౌండ్ వేసి చూడండి. వేలు జారే చప్పుడు పోతుంది, మోత గుండ్రంగా వస్తుంది. లావు తీగలు వేశాక నెక్ ఒకసారి సరిచేయించండి. మెహిదీపట్నం నుంచి సికింద్రాబాద్ దాకా ఆ పని చేసేవాళ్ళు దొరుకుతారు. మిగిలిన డబ్బు ఒక మంచి గురువుకు ఇవ్వండి, ఆన్‌లైన్‌లో అయినా సరే.

నొటేషన్ రావాలా? వెస్‌కు రాదన్నాను, దాన్ని సాకుగా తీసుకోవద్దు. ఆయన చెవి మనకు లేదు. కావాల్సింది లీడ్ షీట్ చదవడం, అంటే ఒక వరస బాణీ, పైన కార్డ్ పేర్లు. రోజుకు పది నిమిషాలతో మూడు నెలల పని. ట్యాబ్ మాత్రం మానేయండి. వేలు ఎక్కడ పెట్టాలో చెబుతుంది, ఎంతసేపు ఉంచాలో సరిగ్గా చెప్పదు. ఈ సంగీతంలో రెండోదే ముఖ్యం.

మన దేశంలో ఇవన్నీ ఎవరు వాయిస్తారు, నేర్చుకుని ఏం లాభం అని కింద ఒకరు వ్యాఖ్య పెట్టారు. ముంబై తాజ్ హోటల్‌లో 1930ల్లోనే జాజ్ బ్యాండ్లు వాయించాయి. వాటిలో తయారైన గోవా కళాకారులు పగలు హిందీ సినిమా రికార్డింగుల్లో, రాత్రి క్లబ్బుల్లో పనిచేశారు. మన చిన్నప్పుడు రేడియోలో విన్న క్లబ్ పాటల్లో ఆ చేయి ఉంది. కలకత్తాలో కార్ల్‌టన్ కిట్టో అనే గిటారిస్టు 2016లో చనిపోయేదాకా దశాబ్దాలు బీబాప్ వాయించాడు, ఎంతోమందికి నేర్పాడు. లాభం సంగతంటే, ఆర్కెస్ట్రాలో ఉన్నప్పుడు నేనూ లాభం కోసమే వాయించాను. అప్పుడు వాయించిన బిట్లు ఒక్కటీ గుర్తులేవు.

ఎన్నేళ్ళు? నా విషయంలో తప్పుడు దారిలో నాలుగేళ్ళు, సరైన దారిలో రెండేళ్ళకు ఒక పాట మొత్తం తల దించుకోకుండా వాయించగలిగాను. మీకు స్వరజ్ఞానం ఉంది కాబట్టి రోజుకు నలభై నిమిషాలు, వారానికి అయిదు రోజులు అయితే ఏడాదిన్నరలో జామ్‌లో నిలబడగలరనిపిస్తోంది. ఆదివారం మూడు గంటలు కూర్చుని మిగతా వారం ముట్టుకోకపోతే ఈ లెక్క చెల్లదు. వారానికి ఒకసారి ఫోన్‌లో రికార్డు చేసి, వెంటనే వినకుండా రెండు రోజులాగి వినండి. వెంటనే వింటే మనం వాయించాలనుకున్నది వినపడుతుంది. రెండు రోజులాగితే వాయించింది వినపడుతుంది.

జామ్‌కి వెళ్ళినప్పుడు మొదటిసారి సోలో తీసుకోకపోయినా ఫర్వాలేదు, కార్డ్స్ వాయించండి. పియానో వాయించేవాళ్ళు ఉంటే అదీ తగ్గించండి. ఇద్దరూ ఒకేసారి కార్డ్స్ కొడితే గొడవగా ఉంటుంది. గిటార్, పియానో ఒకదానికొకటి చోటు ఎలా ఇచ్చుకోవాలో వినాలంటే 1962లో జిమ్ హాల్, బిల్ ఎవాన్స్ ఇద్దరే కూర్చుని చేసిన 'అండర్‌కరెంట్' వినండి. పాట మీరు ఎంచుకుంటే వేగం కూడా మీరే చెప్పాలి, 'ఒన్, టూ' అని లెక్క ఇవ్వాలి. ఇవ్వబోయే ముందు బాణీలో అన్నిటికంటే ఇరుకైన చోటును మనసులో పాడి చూసుకుని, ఆ వేగమే ఇవ్వండి. నేను నా రెండో జామ్‌లో ఉత్సాహం కొద్దీ లెక్క ఇచ్చాను. డ్రమ్మర్ నవ్వి అదే వేగంలో ఎత్తుకున్నాడు. నేను తప్ప అందరూ వాయించారు.